ఆరు పాడ్ల సర్వీసుకి ఏ రిలీజ్ పద్ధతి మంచిది: రోలింగా, బ్లూ-గ్రీనా, కెనరీనా?

గోదావరి_బ్యాకెండ్ (ప్రశ్న)

ప్రైవేటు బస్సుల టికెట్ బుకింగ్ బ్యాకెండ్ ఇది. స్ప్రింగ్ బూట్ 3.2, కుబర్నెటీస్ (కంటెయినర్లని నడిపే వేదిక) మీద 6 పాడ్లు (పాడ్ అంటే నడుస్తున్న యాప్ కాపీ ఒకటి), వెనకాల ఒకే పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్, టికెట్ ఎస్ఎంఎస్‌లు పంపడానికి రాబిట్‌ఎంక్యూ అనే మెసేజ్ క్యూ. పగలు సెకనుకి సుమారు 40 రిక్వెస్టులు, అర్ధరాత్రి దాటాక 4. యాప్ పూర్తిగా లేవడానికి 40 సెకన్లు పడుతుంది.

ఇప్పటిదాకా రిలీజ్ అంటే ఇమేజ్ ట్యాగ్ మార్చి అప్లై కొట్టడమే. మిగతావన్నీ డీఫాల్టే, అంటే పాడ్లని కొన్ని కొన్నిగా మార్చే రోలింగ్. ఇబ్బందులు రెండు. కొట్టిన ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు 502లు (వెనకాల యాప్ జవాబివ్వలేదనే ఎర్రర్) వస్తాయి. కొత్త వెర్షన్‌లో తేడా ఉందని గ్రాఫ్‌లో కనపడేసరికి ఆరు పాడ్లూ మారిపోయి ఉంటాయి.

సంక్రాంతి రద్దీ మొదలవకముందే పద్ధతి మార్చాలి. టీములో సగం మంది బ్లూ-గ్రీన్ (పాతదాని పక్కనే కొత్తదాన్ని పూర్తిగా నిలబెట్టి, ట్రాఫిక్‌ని ఒకేసారి మార్చడం) అంటున్నారు, సగం మంది 5 శాతం కెనరీ (ముందు కొద్దిపాటి ట్రాఫిక్‌నే కొత్తదానికి పంపి చూడటం) అంటున్నారు. ఏది సేఫ్? ఇంకోటి, వచ్చే రిలీజ్‌లోనే ప్రయాణికుల టేబుల్లో "ఫోన్" అనే కాలమ్ పేరు "మొబైల్" అవుతుంది. ఫ్లైవే (డేటాబేస్ టేబుళ్ల రూపం మార్చే టూల్) మైగ్రేషన్, యాప్ లేచేటప్పుడు దానంతటదే నడుస్తుంది. దీనికి విడిగా ఏమైనా చూసుకోవాలా?


క్యూబ్_సుబ్బు

ముందు 502ల సంగతి తేల్చేద్దాం. దానికి పద్ధతితో సంబంధం లేదు. అవి సర్దకుండా బ్లూ-గ్రీన్‌కి వెళ్లినా, కెనరీకి వెళ్లినా 502లు మీ వెంటే వస్తాయి.

అంతా డీఫాల్టే అన్నారు కాబట్టి రెడీనెస్ ప్రోబ్ (పాడ్ ట్రాఫిక్‌కి సిద్ధమా అని చూసే చెక్) కూడా లేదనుకుంటున్నా. ప్రోబ్ లేకపోతే కంటెయినర్ మొదలైన వెంటనే పాడ్ రెడీ అయిపోయినట్టు కుబర్నెటీస్ లెక్కేసుకుంటుంది. మీ యాప్‌కి 40 సెకన్లు కావాలి. అప్పటిదాకా వచ్చిన రిక్వెస్టులు ఇంకా ఎవరూ వినని పోర్టుకి వెళ్లి తగులుతాయి. పైగా "కొత్తది వచ్చేసింది కదా" అని పాత పాడ్‌ని తీసేస్తుంది కూడా. డీఫాల్ట్‌గా మ్యాక్స్‌సర్జ్ (అదనంగా లేపగల పాడ్లు) 25 శాతం, మ్యాక్స్‌అన్‌అవైలబుల్ (తగ్గినా ఫర్వాలేని పాడ్లు) 25 శాతం. ఆరింటికి ఒకటిన్నర వస్తుంది. మొదటిది పైకి రౌండై 2, రెండోది కిందికి రౌండై 1. అంటే తొలి విడతలోనే మూడు కొత్త పాడ్లు, ఆ వెంటనే మిగతావి. మీరు గ్రాఫ్ తెరిచేలోపే ఆరూ మారిపోవడానికి కారణం ఇదే.

రెండో రకం 502 పాత పాడ్ పోయేటప్పుడు వస్తుంది. పాడ్‌ని తీసేసేటప్పుడు కంటెయినర్‌కి సిగ్‌టర్మ్ (ఇక ఆగమనే సిగ్నల్) పంపడం, ఎండ్‌పాయింట్ల (ట్రాఫిక్ అందుకునే పాడ్ల) జాబితాలోంచి దాని పేరు కొట్టేయడం, ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా నడుస్తాయి. పేరు కొట్టేసిన కబురు ఇన్‌గ్రెస్‌కి (బయటి ట్రాఫిక్ లోపలికొచ్చే ద్వారం), నోడ్లలోని క్యూబ్-ప్రాక్సీలకి (ట్రాఫిక్‌ని పాడ్లకి మళ్లించేవి) చేరడానికి కొన్ని సెకన్లు పట్టొచ్చు. ఈలోపు యాప్ దుకాణం కట్టేస్తే అటు వచ్చినవాళ్లకి 502. ప్రీస్టాప్ హుక్‌లో (సిగ్‌టర్మ్‌కి ముందు నడిచే కమాండ్) 10 సెకన్ల స్లీప్ పెడితే ఇది పోతుంది.

ఇక్కడే చాలామంది ఇరుక్కునే మెలిక ఒకటుంది. టర్మినేషన్ గ్రేస్ పీరియడ్ (పాడ్ ఆగడానికి ఇచ్చే గడువు) డీఫాల్ట్ 30 సెకన్లు, ప్రీస్టాప్ స్లీప్ కూడా ఆ 30లోంచే పోతుంది. స్ప్రింగ్ బూట్ 3.2లో గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ మీరే ఆన్ చేసుకోవాలి. 3.4 నుంచి అదే డీఫాల్ట్. ఆన్ చేశాక అది చేతిలో ఉన్న రిక్వెస్టుల కోసం 30 సెకన్ల దాకా ఆగుతుంది. 10కి 30 కలిపితే 40. ముప్ఫయ్యో సెకనులో సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) పడుతుంది, పేమెంట్ గేట్‌వే జవాబు కోసం ఆగి ఉన్న బుకింగ్ సగంలో తెగిపోతుంది. గ్రేస్ పీరియడ్ 60 పెట్టండి.

మీ సైజుకి నేను పెట్టే విలువలు: మ్యాక్స్‌సర్జ్ 1, మ్యాక్స్‌అన్‌అవైలబుల్ 0, మిన్‌రెడీసెకండ్స్ (రెడీ అయ్యాక కూడా ఆగి చూసే సమయం) 60. రెడీనెస్ ప్రోబ్ 5 సెకన్లకోసారి, ఫెయిల్యూర్ త్రెషోల్డ్ 3. లేవడానికి 40 సెకన్లు కాబట్టి స్టార్టప్ ప్రోబ్ విడిగా పెట్టండి, లేకపోతే లైవ్‌నెస్ ప్రోబ్ (పాడ్ బతికుందా అని చూసేది) ఓపిక నశించి లేస్తున్న పాడ్‌ని చంపేస్తుంది. రెడీనెస్‌లో డేటాబేస్ చెక్ మాత్రం పెట్టొద్దు. డేటాబేస్ ఇరవై సెకన్లు తడబడితే ఆరు పాడ్లూ ఒకేసారి జాబితాలోంచి పోతాయి.

ఇలా చేస్తే ఒక్కో పాడ్‌కి 40 ప్లస్ 60, మొత్తం రిలీజ్‌కి పది నిమిషాలు. ఆ ఆలస్యం కావాలనే పెడుతున్నాం. తేడా ఉంటే ఒకటి రెండు పాడ్లప్పుడే రోలౌట్ పాజ్ కొట్టొచ్చు. ప్రోగ్రెస్ డెడ్‌లైన్ డీఫాల్ట్ 600 సెకన్లు, కానీ అది దాటితే దానంతటదే వెనక్కి వెళ్తుందనుకోకండి. డిప్లాయ్‌మెంట్ స్టేటస్‌లో ముందుకు కదల్లేదని రాసి ఊరుకుంటుంది, అంతే. పైప్‌లైన్‌లో రోలౌట్ స్టేటస్ కమాండ్ ఫెయిలైతే రోలౌట్ అన్‌డూ కొట్టే లైను మీరే రాయాలి.


పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు

సుబ్బు గారు చెప్పినవన్నీ చేసినా సరే, ఆ కాలమ్ పేరు మార్పు ఒక్కటి చాలు ముంచడానికి. మొదటి కొత్త పాడ్ లేస్తూనే ఫ్లైవే కాలమ్ పేరు మార్చేస్తుంది. ఆ పాడ్ ఇంకా రెడీ కూడా కాలేదు, ట్రాఫిక్ అంతా పాత ఆరింటికే వెళ్తోంది. ఆ ఆరూ ఆ క్షణం నుంచి "ఫోన్ అనే కాలమ్ లేదు" అని అరవడం మొదలెడతాయి. అన్‌డూ కొడితే? వెనక్కి వచ్చేది పాత కోడే, పాత టేబుల్ కాదు. బ్లూ-గ్రీన్‌లోనూ ఇదే కథ. గ్రీన్‌కి ఒక్క రిక్వెస్ట్ కూడా పంపకుండానే, అది లేచినందుకే బ్లూ పడిపోతుంది.

కాబట్టి "ఏ పద్ధతి" అనే ప్రశ్న రెండోది. ఒకే డేటాబేస్ మీద పాత వెర్షన్, కొత్త వెర్షన్ ఒక గంటపాటు కలిసి కాపురం చేయగలవా? ఇది మొదటిది. చేయలేకపోతే మూడు పద్ధతుల్లో ఏదీ మిమ్మల్ని కాపాడదు.

ముందు ఒక మాట: అసలు ఆ పేరు మార్చి తీరాలా? జావాలో ఫీల్డ్ పేరు మొబైల్ అని పెట్టుకుని, కాలమ్ అనొటేషన్‌లో పాత పేరే ఉంచేయండి. పని అయిపోతుంది. నేనైతే ఇక్కడితో ఆపేస్తాను.

మార్చి తీరాలంటే, ఇదీ వరస. కొత్త కాలమ్ నల్ అనుమతిస్తూ చేర్చండి. తర్వాత రిలీజ్ ఒకటి: రెండు కాలమ్‌లలోనూ రాస్తుంది, పాతదాన్నే చదువుతుంది. ఈ రిలీజ్ ఆరు పాడ్లకీ చేరాకే పాత వరసల్ని నింపడం మొదలెట్టాలి. ముందే మొదలెడితే, మిగిలి ఉన్న పాత పాడ్లు ఒక్క కాలమ్‌లోనే రాస్తూ కొత్త ఖాళీలు తయారుచేస్తుంటాయి. నింపేటప్పుడు ఐడీ ప్రకారం 5,000 వరసల చొప్పున, ప్రతి విడతకీ కమిట్. మొత్తం టేబుల్‌కి ఒకే అప్‌డేట్ కొట్టొద్దు. తర్వాత ఇంకో రిలీజ్: రెండింటిలోనూ రాస్తూనే, కొత్తదాన్ని చదువుతుంది. రెండు మూడు రోజులు చూశాక మూడో రిలీజ్: పాతదాంట్లో రాయడం మానేస్తుంది. పాత కాలమ్‌కి నాట్ నల్ ఉంటే ఈ మూడో రిలీజ్‌కి ముందే దాన్ని తీసేయాలి. మర్చిపోతే మొదటి బుకింగ్‌కే ఇన్సర్ట్ ఫెయిలవుతుంది, ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాత కాలమ్‌ని డ్రాప్ చేయడం అన్నిటికన్నా చివర, వారం తర్వాతైనా నష్టం లేదు. ఏ మెట్టు మీద ఉన్నా ఒక్క మెట్టు వెనక్కి వెళ్లడం సేఫే. రెండు మెట్లు ఒకేసారి కాదు.

కొత్త కాలమ్ చేర్చడం కన్నుమూసి తెరిచేంత పనే. 11వ వెర్షన్ నుంచి స్థిరమైన డీఫాల్ట్ విలువ ఇచ్చినా టేబుల్ మొత్తం తిరగరాయదు. కానీ దానికి ఎవర్నీ రానివ్వని లాక్ కావాలి. అదే టేబుల్ మీద ఎవరో నెలవారీ రిపోర్టు కోసం మూడు నిమిషాల సెలెక్ట్ నడుపుతుంటే ఆల్టర్ దాని వెనక క్యూలో నిలబడుతుంది, ఆ తర్వాత వచ్చిన ప్రతి చిన్న సెలెక్టూ ఆల్టర్ వెనక నిలబడుతుంది. పైనుంచి చూస్తే సైట్ మొత్తం బిగుసుకుపోయినట్టే. మైగ్రేషన్ ఫైల్ మొదట్లో లాక్ టైమౌట్ 2 సెకన్లు పెట్టండి. దొరక్కపోతే ఫెయిలవుతుంది, మళ్లీ ప్రయత్నించొచ్చు. ఇండెక్స్ అయితే కంకరెంట్లీ వేయండి. అది మధ్యలో ఆగిపోతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ వేయాలి.

మైగ్రేషన్‌ని యాప్ స్టార్టప్‌లోంచి బయటికి తీసి, రిలీజ్‌కి ముందు నడిచే విడి జాబ్‌గా పెట్టుకోండి.

బ్లూ-గ్రీన్ అంటున్నవాళ్లకి చిన్న లెక్క. హికారీ (యాప్ డేటాబేస్ కనెక్షన్లని తెరిచి ఉంచే లైబ్రరీ) పూల్ డీఫాల్ట్ 10, ఖాళీగా ఉన్నా పదీ తెరిచే ఉంచుతుంది. ఆరు పాడ్లకి 60 కనెక్షన్లు. బ్లూ, గ్రీన్ రెండూ నిలబడితే 120. పోస్ట్‌గ్రెస్ మ్యాక్స్ కనెక్షన్స్ డీఫాల్ట్ 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి. గ్రీన్‌లో నాలుగో పాడ్‌కి ఏడు దొరికి, అయిదో పాడ్‌కి ఒక్కటీ దొరకదు. "మిగిలిన కనెక్షన్లు సూపర్‌యూజర్‌కి రిజర్వ్" అన్నట్టు ఎర్రర్ ఇస్తుంది. అక్కడితో ఆగదు. హికారీ ప్రతి కనెక్షన్‌నీ అరగంటకోసారి మార్చేస్తుంది కదా, బ్లూ పాతది వదిలి కొత్తది అడిగేలోపు ఆ చోటు గ్రీన్ లాగేసుకుంటుంది. అంటే ఎవరూ ముట్టుకోని బ్లూ కూడా నెమ్మదిగా ఎండిపోతుంది. పూల్ 7కి దించితే 84, సరిపోతుంది. లేదా మధ్యలో పీజీబౌన్సర్ (కొద్ది కనెక్షన్లని అందరికీ పంచే టూల్).


లాగ్_లెక్కలు

కెనరీ వైపు లెక్కలు నేను చెప్తాను. 5 శాతం అనగానే ముందు అడగాల్సింది: దేనితో విడగొడతారు? పాడ్ల సంఖ్యతో అయితే 5 శాతం రాదు. ఆరు పాతవాటి పక్కన ఒక కొత్తది పెడితే ఏడో వంతు, 14 శాతం పైనే. ఆర్గో రోలౌట్స్ (కెనరీ రిలీజ్‌లు నడిపే టూల్) వాడినా, ట్రాఫిక్ రౌటర్ తగిలించకపోతే సెట్‌వెయిట్ 5 అన్నది పాడ్ల సంఖ్యతోనే ఉజ్జాయింపుగా జరుగుతుంది. నిజంగా 5 కావాలంటే ఇన్‌గ్రెస్‌లోనో, గేట్‌వే ఏపీఐలోని హెచ్‌టీటీపీ రూట్‌లోనో వెయిట్లు ఇవ్వాలి. కమ్యూనిటీ ఇన్‌గ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్‌ని 2026 మార్చితో ముగిస్తామని నిర్వాహకులు ప్రకటించారు, కాబట్టి కొత్తగా కట్టేవాళ్లు గేట్‌వే ఏపీఐ వైపు కట్టుకోవడం మేలు.

ఎంతసేపు ఆగాలి? దీనికి పాత లెక్క ఒకటుంది. ఎన్ని రిక్వెస్టులు చూశారో దాంతో 3ని భాగించండి. ఒక్క ఎర్రర్ కూడా రాకపోతే, అసలు ఎర్రర్ రేటు అంతకన్నా తక్కువని 95 శాతం నమ్మకంతో అనొచ్చు. వెయ్యికి ఒకటి కన్నా తక్కువ అని చెప్పాలంటే 3,000 రిక్వెస్టులు కావాలి. పగలు 40లో 5 శాతం అంటే సెకనుకి 2, ఇరవై అయిదు నిమిషాలు. అర్ధరాత్రి 4లో 5 శాతం అంటే సెకనుకి 0.2, నాలుగు గంటల పైన. రాత్రి ఒంటిగంటకి కెనరీ పెట్టి పావుగంటలో "క్లీన్‌గా ఉంది" అనడం అంటే 180 రిక్వెస్టులు చూసి మాట్లాడటం. దాంతో తేలేది అరవైకి ఒకటి కన్నా తక్కువ అని మాత్రమే. మీకు కెనరీ పెట్టే వేళ మధ్యాహ్నం మూడు. టీమంతా సీట్లోనే ఉంటుంది కూడా.

పాత పాడ్లతో పోల్చేటప్పుడు ఇంకో మోసం ఉంది. రెండు వారాలుగా నడుస్తున్న జేవీఎం (జావా కోడ్‌ని నడిపేది) వేడెక్కి ఉంటుంది, కెనరీ ఇప్పుడే లేచింది. లేటెన్సీ ఎక్కువ కనపడటం సహజం. అందుకే పాత వెర్షన్‌తోనే ఇంకో పాడ్‌ని అదే సమయంలో లేపి, అంతే వెయిట్ ఇచ్చి, ఆ రెండింటినీ పోల్చాలి. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ కలిసి 2018లో బయటపెట్టిన కయెంటా చేసేది ఈ పోలికే.

500 కోడ్ (సర్వర్ తప్పు) ఎర్రర్లు మాత్రమే చూస్తే సరిపోదు. సీట్ల జాబితా ఖాళీగా పంపే బగ్ కూడా 200 (అంతా బాగుందనే) కోడ్‌తోనే వెళ్తుంది. మీకు చూడాల్సిన అంకె: వంద సెర్చ్‌లకి ఎన్ని సీట్ హోల్డ్‌లు, వంద హోల్డ్‌లకి ఎన్ని పేమెంట్లు. ప్రతి మెట్రిక్‌కీ వెర్షన్ లేబుల్ ఉండాలి, లేకపోతే 5 శాతంలో వచ్చిన తేడా 95 శాతం సగటులో కరిగిపోతుంది. ఉదాహరణకి కెనరీలో పేమెంట్లు సున్నా అయినా మొత్తం గ్రాఫ్ అయిదు శాతమే కిందికి వంగుతుంది. మామూలు ఎగుడుదిగుడే అనుకుంటారు.

కుకీతోనో హెడర్‌తోనో ఒక యూజర్ ఎప్పుడూ ఒకే వైపు వెళ్లేలా కట్టండి. రిక్వెస్ట్‌కోసారి పాచికలేస్తే సీటు హోల్డ్ కొత్తదాంట్లో, పేమెంట్ పాతదాంట్లో పడుతుంది.


ఓఎన్‌కాల్_రాత్రి

పై ముగ్గురి మాటా కాదనను కానీ, సెకనుకి 40 రిక్వెస్టుల సర్వీసుకి కెనరీ యంత్రాంగమంతా కట్టడం పిల్లికి ఏనుగు అంబారీ. సుబ్బు గారి రోలింగ్ సెట్టింగులు, మొదటి పాడ్ తర్వాత చేత్తో ఒక పాజ్, ప్రమాదం ఉన్న మార్పుకి ఫీచర్ ఫ్లాగ్ (ఫీచర్‌ని వెలిగించి ఆపే స్విచ్). నా ఓటు దీనికి. కోడ్ వెళ్లడం ఒకరోజు, ఫీచర్ వెలగడం ఇంకోరోజు. వెనక్కి రావాలంటే పది నిమిషాల రోలౌట్ అక్కర్లేదు, స్విచ్ ఆపితే చాలు.

ఇంతవరకూ ఎవరూ రాబిట్‌ఎంక్యూ ఊసెత్తలేదు. ఇన్‌గ్రెస్‌లో 5 శాతం అని రాసుకున్నా, ఆ కెనరీ పాడ్‌లో కన్స్యూమర్ (క్యూలోంచి మెసేజ్‌లు తీసుకునేది) కూడా ఉంటే మిగతావాటితో సమానంగా మెసేజ్‌లు లాక్కుంటుంది. క్యూకి మీ వెయిట్లతో పని లేదు. ఎదురు దిక్కు ఇంకా ప్రమాదం. కొత్త వెర్షన్ టికెట్ స్టేటస్‌లో ఇంతకుముందు లేని ఈనమ్ (ముందే ఖరారు చేసిన జాబితా) విలువ పెట్టి మెసేజ్ పంపిందనుకోండి, దాన్ని పాత పాడ్ తీసుకుంటుంది. దానికి ఆ విలువ తెలియదు, కన్వర్షన్ ఎక్సెప్షన్ వస్తుంది. స్ప్రింగ్ ఏఎంక్యూపీ అలాంటి మెసేజ్‌ని మళ్లీ క్యూలో పెట్టదు, తిరస్కరిస్తుంది. క్యూకి డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ (తిరస్కరించిన మెసేజ్‌లని పక్కన దాచే దారి) లేకపోతే ఆ మెసేజ్ మాయం. డబ్బు కట్టినాయనకి ఎస్ఎంఎస్ రాదు, మీ 500ల గ్రాఫ్ మాత్రం పచ్చగానే ఉంటుంది. ముందు చదవడం నేర్చుకున్న వెర్షన్ అన్ని పాడ్లకీ వెళ్లాలి, తర్వాతి రిలీజ్‌లోనే రాయడం మొదలవ్వాలి. డెడ్ లెటర్ క్యూ ఈ వారమే పెట్టుకోండి.

రెడిస్ కాష్ వాడుతుంటే అదీ ఇంతే. క్లాసు రూపం మారితే కీ ముందు వెర్షన్ అంకె పెట్టండి. షెడ్యూల్డ్ జాబ్‌లు బ్లూలోనూ గ్రీన్‌లోనూ రెండుసార్లు నడుస్తాయి, రీఫండ్ జాబ్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఫ్లాగ్ పేరు మళ్లీ మళ్లీ వాడొద్దు. 2012 ఆగస్టు 1న అమెరికా షేర్ ట్రేడింగ్ సంస్థ నైట్ క్యాపిటల్‌కి జరిగింది ఇదే. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్లింది. కొత్త ఫీచర్‌ని వెలిగించే ఫ్లాగ్, ఒకప్పుడు పవర్ పెగ్ అనే వాడుక పోయిన కోడ్‌ని వెలిగించిన ఫ్లాగే. ఎనిమిదో సర్వర్‌లో ఆ పాత కోడ్ ఇంకా ఉంది. వెలిగింది. ముప్పావుగంటలో 46 కోట్ల డాలర్లకి పైగా నష్టం. మధ్యలో వాళ్లు చేసిన రోల్‌బ్యాక్ చూడండి: సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు, ఫ్లాగ్ మాత్రం ఆన్‌లోనే ఉంది. దాంతో ఆ ఏడూ ఎనిమిదో దాని బాటే పట్టాయి. వెనక్కి వెళ్లేటప్పుడు ముందు ఫ్లాగ్, తర్వాత కోడ్.


గోదావరి_బ్యాకెండ్

అందరికీ థ్యాంక్స్ అండీ. పేరు మార్పు రిలీజ్‌లోంచి తీసేశాం, అనొటేషన్‌తోనే సరిపెడుతున్నాం. రెడీనెస్ ప్రోబ్ నిజంగానే లేదు. రెండు సందేహాలు. ఫ్లాగ్‌ల సర్వీసే పడిపోతే యాప్ ఏం చేయాలి? ఫ్లాగ్ మార్చడానికి కూడా రోలౌట్‌లాగే మెట్లు పెట్టాలా, వెంటనే 100 చేసెయ్యొచ్చా?


ఓఎన్‌కాల్_రాత్రి

పడిపోతే ఆఖరిసారి తెలిసిన విలువ మెమరీలోంచి వాడాలి. యాప్ అప్పుడే లేచి ఏమీ తెలియకపోతే, కోడ్‌లో రాసిన డీఫాల్ట్. ఆ డీఫాల్ట్ ఎప్పుడూ పాత దారే. స్టార్టప్‌లో ఫ్లాగ్ సర్వీస్ కోసం ఆగిపోయేలా మాత్రం రాయొద్దు, 2 సెకన్ల టైమౌట్ చాలు.

మెట్లు పెట్టాలి. ఫ్లాగ్ కూడా రిలీజే. 2024 జులై 19న సెక్యూరిటీ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపింది కోడ్ కూడా కాదు, కాన్ఫిగరేషన్ లాంటి ఒక కంటెంట్ ఫైల్. విడతలు లేకుండా వెళ్లింది, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడ్డాయి. మీకు 1, 10, 50, 100 చాలు. మెట్టుకి మెట్టుకి మధ్య లాగ్_లెక్కలు గారి సూత్రం ప్రకారం ఆగండి. శాతం తేల్చడానికి యూజర్ ఐడీకి ఫ్లాగ్ పేరు కలిపి హాష్ చేసి 100తో భాగించి శేషం తీసుకోండి. ఐడీ ఒక్కదాన్నే హాష్ చేస్తే ప్రతి కొత్త ఫీచర్‌కీ ఆ ఒక్క శాతం మందే బలైపోతుంటారు.


క్యూబ్_సుబ్బు

ఒకటి చేర్చాలి. మిన్‌రెడీసెకండ్స్ 60 పెట్టాక కొందరు ప్రోగ్రెస్ డెడ్‌లైన్‌ని తగ్గిస్తారు, 60కి పైనే ఉండాలి, లేకపోతే అప్లై కొట్టగానే తిరస్కరిస్తుంది. అది మొత్తం రిలీజ్ సమయం కాదు, చివరిసారి ముందుకు కదిలినప్పటి నుంచి లెక్క. మీకు 300 సరిపోతుంది.